నాలుగో నంబరు గాజు

కంపెనీలో అతన్ని అందరూ ‘ఆగండి’ అని పిలుస్తారు. అది అతను రోజుకి సుమారు మూడు వేల సార్లు వాడే మాట. నిచ్చెన కింద ఎవరైనా నిలబడితే ఆగండి. హెల్మెట్ పట్టీ బిగించకపోతే ఆగండి. ఒకసారి పెద్దసారు వేడి టీ గ్లాసు పట్టుకుని క్యాంటీన్ మెట్లు దిగుతుంటే కూడా వెనకనుంచి ఆగండి అన్నాడు. పెద్దసారు ఆగాడు. టీ ఆగలేదు. ఆ రోజు నుంచి హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా అతని అసలు పేరు వినపడలేదు.

పాత భవనాలు కూలగొట్టడం ఆ కంపెనీ పని. కూలగొట్టే ముందు ఎలా కూలగొట్టాలో రాయడం ఆగండి పని. బంధువులకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. ‘కట్టడానికైతే ప్లాను కావాలి, పడగొట్టడానికెందుకురా, ఒక్క తోపు తోస్తే పోదా’ అని ఒక మావయ్య అడిగితే, అతను చాలా శ్రద్ధగా ‘ఎటు వైపుకి తోస్తావు మావయ్యా’ అన్నాడు. ఇది జరిగి రెండేళ్ళయింది. మావయ్య ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఈసారి కూలగొట్టాల్సింది నాలుగంతస్తుల పాత ప్రింటింగ్ ప్రెస్సు భవనం. దాన్ని ఆనుకుని ఒక చిన్న ఇల్లు ఉంది. ఆనుకుని అంటే మాటవరసకి కాదు, రెండింటికీ కలిపి ఒకటే గోడ. గోడకి అటు పక్క ప్రెస్సు, ఇటు పక్క వంటిల్లు. ఆ వంటిల్లు అతని పిన్నిది. వంటింటికి ముందు, అదే గోడ పొడవునా, ఒక గది, దాని ముందు వీధిలోకి బాబాయి దుకాణం. బాబాయి గాజు కోసి ఫొటోలకి ఫ్రేములు కడతాడు. ఆగండి చదువుకున్న ఆరేళ్ళూ ఆ మధ్యగదిలోనే ఉన్నాడు, ఎవరెవరివో పెళ్ళి ఫొటోల మధ్య పడుకుని, ఎవరెవరి తాతలో గోడనిండా తననే చూస్తుండగా పరీక్షలు రాసి పాసయ్యాడు.

“మీ పిన్ని ఇల్లు పక్కనే ఉంది కాబట్టి ఈ ప్లాను నీకివ్వకూడదేమో” అన్నాడు పెద్దసారు.

“నాకే ఇవ్వాలి సార్. ఇంకొకళ్ళకిస్తే వాళ్ళకది పక్కిల్లు. నాకైతే నేను టీ తాగే చోటు.”

పెద్దసారుకి టీ ప్రస్తావన నచ్చలేదు గానీ ప్లాను ఇచ్చేశాడు.

అతను సొంతంగా రాసిన మొదటి ప్లాను అది. నలభై ఒక్క పేజీలు వచ్చింది. కరెంటు ఎవరు తీస్తారు, తీశాక తీసినట్టు ఎవరు చూస్తారు, చూసినవాడు చూశాడని ఎవరు సంతకం పెడతారు, అన్నీ ఉన్నాయి. ముందు కిటికీల అద్దాలు, తరవాత తలుపులు, తరవాత పైనుంచి కిందికి ఒక్కో శ్లాబు. శిథిలాలు ఏ అంతస్తులోనూ మోకాలి ఎత్తు దాటకూడదు. మెట్లు చివరికి. ఉమ్మడి గోడ దగ్గర యంత్రం పెట్టకూడదు, చేత్తోనే విప్పాలి. ఈల ఒకసారి ఊదితే చూడమని, మూడుసార్లు ఊదితే అన్నీ ఆపమని. మొత్తం చదివితే ఆ భవనం ఎవరినీ నొప్పించకుండా తనంతట తానే లేచి వెళ్ళిపోతుందేమో అనిపించేలా ఉంది.

ఇరవైమూడో పేజీలో గాజు పట్టీల సంగతి ఉంది. ఉమ్మడి గోడకి పిన్ని వైపున పాత పగుళ్ళు ఏడున్నాయి. ఒక్కో పగులు మీద అడ్డంగా, వేలెడు పొడవున్న గాజు పట్టీ అతికించాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా చాలు, గాజు సాగదు కాబట్టి పగిలిపోతుంది. రోజూ పొద్దున్న ఏడు గంటలకి, పని మొదలుపెట్టే ముందు ఏడు పట్టీలూ చూడాలి. ఒక్కటి పగిలినా పని ఆగాలి. కొత్తవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు అతను ఈ చోటికొచ్చేసరికి గొంతు తగ్గించి, “మిగతా అందరూ మనకి సర్దిచెప్తారు, గాజు సర్దిచెప్పదు” అనేవాడు. కొత్తవాళ్ళు అది రాసుకునేవాళ్ళు.

శ్లాబు పగలగొట్టడం మొదలయ్యే రోజు పొద్దున్నే వచ్చి ఏడూ తనే అతికించాడు. కంపెనీ ఇచ్చిన ముక్కల అంచులు కోసినవి కోసినట్టే ఉన్నాయి. నాలుగో నంబరు అతికిస్తుంటే బొటనవేలు తెగింది. అది వంటింట్లో, పళ్ళేల స్టాండుకి పక్కన, పంచదార సీసా ఎత్తులో ఉంది. పిన్ని వేలికి గుడ్డ కట్టింది. బాబాయి గుమ్మంలో నిలబడి ఆ గాజు అంచు వంక, ఎవరో తనని తిట్టినట్టు చూశాడు. బాబాయి నెలకి సుమారు తొమ్మిది మాటలు మాట్లాడతాడు. అందులో ఆరు గాజు గురించి, రెండు అన్నం గురించి. ఒకటి అవసరానికి దాచుకుంటాడు.

“ఏంట్రా ఇవి” అంది పిన్ని. “గోడకి దెబ్బ తగిలినట్టు పట్టీలేసి వదిలావు.”

ఆగండి ప్రతి పట్టీ మీదా మార్కరుతో నంబరు, తేదీ వేసి, పక్కన సంతకం పెడుతున్నాడు. ఈ సమయంలో అతను చెప్పాల్సిన వాక్యం ప్లానులో ఉంది. అతనే రాశాడు. ‘గాజు పగిలితే గోడ కదిలినట్టు, వెంటనే మాకు చెప్పండి’ అని. ఆ వాక్యం అతనికి చాలా బోరుగా అనిపించింది.

“చూడు పిన్నీ” అన్నాడు. “ఈ నాలుగో నంబరుందే, ఇది పగిలిందంటే నా ఉద్యోగం పగిలినట్టే. కాస్త కనిపెట్టుకుని ఉండు.”

ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో నవ్వు లేదు. నవ్వులేకుండా జోకులు వేయడం అతనికి చిన్నప్పటి నుంచి ఉన్న విద్య. కాలేజీ రోజుల్లో ఒకసారి, నీళ్ళ ట్యాంకు నిచ్చెన మీద పైనుంచి మూడో మెట్టులో మాత్రమే ఫోను సిగ్నలు బాగా వస్తుందని ఇదే మొహంతో చెప్పాడు. పిన్ని రెండు నెలలు ఆ మెట్టెక్కి వాళ్ళక్కతో మాట్లాడింది. అవతలి నుంచి వాళ్ళక్క, అంటే ఆగండి వాళ్ళమ్మ, ‘నిజమేనే, ఈమధ్య బాగా వినపడుతోంది’ అంది. ఆ ఇంట్లో అతని మాట కాదన్నవాళ్ళు లేరు.

“పగలనిస్తానా” అంది పిన్ని.

అతను టీ తాగి, ఇరవైమూడో పేజీ తీసి, ‘ఇంట్లోవాళ్ళకి గాజు పట్టీల ప్రయోజనం వివరించాను’ అన్న గడిలో టిక్కు పెట్టి, వెళ్ళిపోయాడు.

ఆ తరవాత పని అందంగా సాగింది. ఆకుపచ్చ వల కట్టి, నీళ్ళు చల్లుకుంటూ, నాలుగో అంతస్తు శ్లాబుని చాపలా చుట్టి కిందికి దించినట్టు దించారు. రోజూ ఏడు గంటలకి ఆగండి పిన్ని ఇంటికెళ్ళేవాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని మధ్యగదిలో మూడు, వంటింట్లో రెండు, స్నానాలగదిలో రెండు పట్టీలు చూసేవాడు. ఏడూ నిక్షేపంలా ఉండేవి. ఏడు టిక్కులు పెట్టేవాడు.

కూల్చే ముఠాకి మేస్త్రి ఒక పెద్దాయన. నలభై ఏళ్ళుగా ఇదే పని. ఆయన కూలగొట్టినవన్నీ తిరిగి లేపితే ఇంకో ఊరవుతుంది. తొమ్మిదో రోజు ఆయన ఆగండిని పక్కకి పిలిచాడు.

“గాజులు ఎలా ఉన్నాయండీ.”

“ఏడుకి ఏడు.”

“ఒక్కటీ పగల్లేదా.”

“ఒక్కటీ.”

మేస్త్రి గోడవంక చాలాసేపు చూశాడు. “నా జీవితంలో ఇంత బుద్ధిమంతురాలైన గోడని చూళ్ళేదండీ. మా ఇంట్లో పిల్లలు కూడా ఇంత కదలకుండా కూచోరు.”

“ప్లాను అలాంటిది మేస్త్రిగారూ.”

“ప్లాను మంచిదే. గోడకి చదువు రాదు కదండీ.” ఆయన పైనుంచి దారానికి గుండు కట్టి వేలాడదీశాడు. “ఇదిగో, నిన్నటికీ ఇవాళ్టికీ గుండు కొంచెం తేడా చూపిస్తోంది. గోడ మనవైపుకి వాలుతోందేమోనని.”

ఆగండి చూశాడు. తేడా ఉంది, లేదు అన్నట్టుంది. గాలికి దారం ఊగుతోంది కూడా. ఇలాంటి సందేహం వస్తే ఏం చేయాలో ఇరవైనాలుగో పేజీలో తనే రాశాడు. గుండుకి గాలి తగులుతుంది, గాజుకి తగలదు కాబట్టి గాజు మాటే వినాలి. గాజు మాట విన్నాడు. మేస్త్రి ‘సరే మీ ఇష్టం’ అని గుండు చుట్టి జేబులో వేసుకున్నాడు గానీ, ఆ తరవాత నుంచి తన మనుషుల్ని ఆ గోడ కింద అన్నం తిననివ్వలేదు.

ఈ రోజుల్లోనే పిన్ని ఇల్లు చిత్రంగా మారిపోయింది. ఎప్పుడూ మోగే రేడియో మోగడం మానేసింది. పళ్ళేలు స్టాండులో పెట్టేటప్పుడు పిన్ని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టేది. బాబాయికి దగ్గొస్తే వీధిలోకెళ్ళి దగ్గి వచ్చేవాడు. మిక్సీని మధ్యగదిలోంచి దుకాణంలోకి మార్చారు. ఫ్రేము కట్టించుకోడానికి వచ్చినవాళ్ళు పచ్చడి వాసన వేసే గాజుల మధ్య నిలబడి బేరమాడేవాళ్ళు.

“ఏంటి పిన్నీ, ఇంట్లో ఎవరైనా పరీక్షలకి చదువుతున్నారా” అన్నాడు ఆగండి.

“దుమ్మురా. మాట్లాడితే నోట్లోకి పోతుందని.” ఇది గుసగుసలా చెప్పింది.

అతనికి ఇది భలే సరదాగా అనిపించింది. ఎందుకో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, సరదాగా ఉన్నవాటికి కారణాలు అడిగే అలవాటు అతనికి లేదు. ఒకరోజు ఇద్దరూ వంటింట్లో ఉండగా కావాలని బల్లమీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. పిన్ని, బాబాయి ఇద్దరూ ఒకేసారి పళ్ళేల స్టాండు వైపు తిరిగి, ఊపిరి బిగపట్టి, అలాగే నిలబడిపోయారు. రెండు నిమిషాలు. ఫొటో తీసి ఫ్రేము కట్టొచ్చు. అతను నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నాడు. ఆ నవ్వు తరవాత అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది.

పంతొమ్మిదో రోజు.

అప్పటికి పై రెండు అంతస్తులు పోయాయి, పైనుంచి మూడో శ్లాబు సగం లేచిపోయింది. ఏడు గంటలకి అతను వెళ్ళేసరికి పిన్ని దుకాణంలో ఎవరితోనో మాట్లాడుతోంది. టీ గ్లాసు స్టాండు మీద పెట్టి ఉంది. తాగి చూస్తే పంచదార తక్కువ. సీసా అందుకోబోయాడు. బొటనవేలు నాలుగో నంబరు అంచుమీద ఒరుసుకుంటూ పోయింది.

గభాల్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలు చూసుకున్నాడు. ఏమీ కాలేదు. పాత గాటు మానిన గీత ఉంది, అంతే.

మళ్ళీ పెట్టాడు. ఈసారి కావాలని, నెమ్మదిగా, ఈ కొస నుంచి ఆ కొసకి రాశాడు. గాజు అంచు సబ్బుముక్కలా నున్నగా ఉంది.

తను పెట్టినది కోసుకుంటుంది. ఇది కోసుకోవడం లేదు.

వంగి చూశాడు. నంబరు ఉంది. తేదీ ఉంది, మొదటి రోజుదే. సంతకం తనదే, కాకపోతే తనెప్పుడూ పెట్టనంత బాగా పెట్టినట్టుంది. మూడో నంబరు అంచు తడిమాడు. అది కోసుకునేలాగే ఉంది. ఐదు నున్నగా ఉంది. రెండు నున్నగా ఉంది. అతని కాళ్ళు అతన్ని అడక్కుండానే దుకాణంలోకి నడిచాయి.

వచ్చినాయన వెళ్ళిపోయాడు. బాబాయి బల్లమీద పెద్ద గాజుపలక వేసి గీత గీస్తున్నాడు. పిన్ని ఎవరిదో పెళ్ళి ఫొటో తుడుస్తోంది.

“బాబాయ్, నాలుగో నంబరు ఎన్నిసార్లు మార్చావు.”

బాబాయి గీత మధ్యలో ఆగాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన గీత మధ్యలో ఆగడం ఇదే మొదటిసారి. ఆ పలక ఇక పనికిరాదు. ఆయన పిన్ని వంక చూశాడు. పిన్ని ఫొటోలోని పెళ్ళికూతురి వంక చూసింది.

“దేన్నిరా” అంది.

“పిన్నీ.”

“ఒక్కసారే. మూడో రోజు పొద్దున్న తుడుస్తుంటే పగిలిపోయింది. కొంచెం గట్టిగా తుడిచానేమో. నీకు మాటొస్తుందని మీ బాబాయిని అడిగితే ఇంకోటి కోసిచ్చాడు. అంతే.”

“పదకొండు” అన్నాడు బాబాయి.

“మీరు ఊరుకోండి.”

“పదకొండుసార్లు. రెండో నంబరు మూడు. ఐదు రెండు.”

ఆయన ఈ నెలకి ఉన్న మాటలన్నీ ఒక్క ఊపిరిలో వాడేశాడు.

పిన్ని ఫొటో పక్కన పెట్టింది. “నేను తుడవడం మానేశానురా. అయినా పగిలింది. రేడియో చప్పుడుకేమో అనుకున్నాం, అదీ ఆపేశాం. మీ బాబాయి దగ్గుకేమో అనుకున్నాం. మిక్సీ మార్చాం. తలుపులకి గుడ్డలు కట్టాం. ఇంకా ఎంత మెల్లగా బతకాలో తెలీలేదు. ఆరింటికే లేచి చూసుకునేవాళ్ళం, నువ్వు ఏడింటికొస్తావు కదా. ఐదు నిమిషాల్లో పట్టే జిగురు తెచ్చుకున్నాం.”

“నాకెందుకు చెప్పలేదు.”

“పగిలితే నీ ఉద్యోగం పోతుందన్నావు కదరా.”

అతని దగ్గర ప్రతి సందర్భానికీ ఒక మాట ఉంటుంది. ఈసారి దొరికింది ఒక ప్రశ్నే.

“అంచులెందుకు సానపట్టావు బాబాయ్.”

“నీ వేలు తెగింది కదా” అన్నాడు బాబాయి.

తరవాత ఆయన బల్లకింద నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచాడు. గాజు ముక్కలు ఆయన ఎక్కడపడితే అక్కడ పారేయడు, ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని. డబ్బాలో పదహారు చిన్న పొట్లాలున్నాయి. ప్రతి పొట్లం మీదా నంబరు, పగిలిన తేదీ పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఆగండి నాలుగో నంబరు పొట్లాలు ఏరి బల్లమీద వరసగా పేర్చాడు. మూడో రోజు. ఆరో రోజు. తొమ్మిది. పదకొండు. పదమూడు. అక్కడి నుంచి రోజూ ఒకటి. నిన్న రెండు.

పనిచోట అతని సంతకాలతో మూడు రిజిస్టర్లున్నాయి. మూడింటికీ అట్టలున్నాయి, సీళ్ళున్నాయి. నిజం రాసినది ఈ బిస్కెట్ల డబ్బా ఒక్కటే.

అతను వీధిలోకి పరిగెత్తి మూడుసార్లు ఈల ఊదాడు.

అందరూ ఆగారు. అతని పేరు చరిత్రలో అంత మంది అంత తొందరగా ఎప్పుడూ ఆగలేదు. సుత్తులు ఆగాయి, నీళ్ళ పైపు ఆగింది, పైన సగం శ్లాబు మీద నిలబడ్డ మేస్త్రి కూడా ఆగి, కిందికి చూశాడు. గోడ మాత్రం ఆగినట్టు కనపడలేదు. రెండంతస్తుల ఎత్తున, ఏ ఆసరా లేకుండా, వల వెనక ఒంటరిగా నిలబడి ఉంది.

మేస్త్రి మెట్లు దిగొచ్చాడు. అతను చెప్పిందంతా విన్నాడు. గుండు తీసి వేలాడదీశాడు. ఈసారి గాలి లేదు.

“ఆపమన్నారు, ఆపాం. బానే ఉందండీ” అన్నాడు. “ఎక్కడ ఆపామో చూశారా. ఇంకో వారం ముందైతే ఆపడానికి ఏదో ఒకటి ఉండేది.” తిట్టలేదు. తిడితే బావుండేది.

లెక్కలు చూసే ఇంజనీరు మేడమ్ పదింటికి వచ్చింది. కంపెనీలో నవ్వని మనుషుల్లో ఆమె మొదటిది. గోడ రెండు వైపులా చూసింది. పిన్ని వంటింట్లో కుర్చీ వేయించుకుని ఎక్కి, పైకప్పు దూలాలు గోడలో దిగిన చోట టార్చి వేసి చూసింది. పొట్లాలన్నీ చదివింది. బాబాయి చేతిరాత చూసి, “ఈయన్ని మన ఆఫీసులో పెట్టుకోవాలి” అంది. ఆమెది జోకో కాదో ఎవరికీ తెలీలేదు.

తరవాత ఆగండిని వీధిలోకి తీసుకెళ్ళింది.

“మీ పిన్నిగారి ఇంటి దూలాలు ఈ గోడలో కూచున్నాయి. అవతల ప్రెస్సు శ్లాబులు పట్టుకుని ఉన్నన్నాళ్ళు గోడ నిలబడింది. మనం ఒక్కొక్కటీ తీసేకొద్దీ అటు వాలుతూ, ఈ దూలాల్ని లాక్కుపోతోంది. ఇప్పుడు గోడని ఈ ఇల్లు పట్టుకుంది. ఇంటిని గోడ పట్టుకుంది. ఎవరు ముందు వదిలితే బావుండదో అన్నట్టు ఇద్దరూ మొహమాటంగా నిలబడ్డారు.”

“దూలాల కింద జాకీలు పెడితే మేడమ్.”

“పెడదాం, ఇద్దర్నీ క్షేమంగా కిందికి దించడానికి. నిలబెట్టడానికి కాదు. పైనుంచి రెండూ కలిపి విప్పుకుంటూ రావాలి.”

“రెండూ అంటే.”

ఆమె పిన్ని ఇంటి వైపు చూసింది. అతను మూర్ఖుడు కాదు, ఆమెకి ఆ సంగతి తెలుసు.

“మూడో రోజున ఆపుంటే మేడమ్” అన్నాడు.

“అలాంటివి అడక్కూడదు.”

“అడుగుతున్నాను.”

“నాలుగు జాకీలు. ఒక పూట పని.” ఆమె టార్చి సంచిలో పెట్టుకుంది. “వాళ్ళని ఇవాళే పంపించెయ్యాలి బాబూ. ముందు మన జాకీలు వంటింట్లో నిలబెడతారు. అవి నిలబడ్డాక పదిహేను నిమిషాలిస్తాను, కావాల్సినవి తెచ్చుకోమను. హెల్మెట్లు లేకుండా ఎవరూ లోపలికెళ్ళరు. ఇది నీకు నేను చెప్పక్కర్లేదు.”

పెద్దసారు ఫోను చేశాడు. ఇంటికి నష్టపరిహారం కంపెనీ చూసుకుంటుందన్నాడు. మిగతాది రేపు ఆఫీసులో మాట్లాడదామన్నాడు. మిగతాది అంటే ఏమిటో ఆగండి అడగలేదు. అలాంటి గొంతుతో పెద్దసారు ఇంతకుముందు మాట్లాడింది, టీ మీద పడిన రోజున.

పిన్నికి చెప్పే పని అతనికే పడింది. వీధికి అటుపక్క, దుకాణంలోంచి తెచ్చి వేసిన బెంచీ మీద పిన్ని కూచుని ఉంది. ఒళ్ళో పంచదార సీసా. అదెందుకు తెచ్చుకుందో ఆమెకీ తెలీదు.

చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆమెకి జోకులేమీ కలపకుండా ఏదైనా చెప్పడం ఇదే మొదలు, ఎలా చెప్పాలో తెలీక ప్లానులో రాసినట్టే చెప్పాడు. ఇల్లు ఖాళీ చేయాలి. పైకప్పు ముందు. గోడలు తరవాత.

“మరి ఆపేశావుగా” అంది పిన్ని.

“ఆపేశాను.”

“నువ్వు ఆగమంటే ఎవరైనా ఆగాల్సిందేనని మీ అమ్మ అందరికీ చెప్తుంటుంది.”

“ఆగారు పిన్నీ. అందరూ ఆగారు.”

“మరి ఇంకా ఇల్లెందుకు తీయడం.”

నలభై ఒక్క పేజీల్లో దీనికి జవాబు లేదు. అతను బెంచీ కొస మీద కూచున్నాడు.

పిన్ని అతని వైపు జరిగి, గొంతు తగ్గించింది. ఇన్ని రోజులుగా అలవాటైన గొంతు అది. “పోనీ ఒక పని చేద్దాం. మీ సారు దగ్గరికి నేనొస్తాను. గాజు పగలగొట్టింది నేనే, వాడికేం తెలీదు అని చెప్తాను. మీ బాబాయి కూడా వస్తాడు. కావాలంటే రెండు మాటలు మాట్లాడతాడు. ఇల్లు సంగతి తరవాత చూద్దాంలే, ముందు నీ ఉద్యోగం పోకూడదు.”

“అది జోకు పిన్నీ.”

“ఏది.”

“గాజు పగిలితే ఉద్యోగం పోతుందన్నది. ఊరికే అన్నాను. గాజు ఉన్నదే పగలడానికి. పగిలితే గోడ కదులుతోందని తెలుస్తుంది. అందుకే పెట్టాను.”

పిన్ని అతని మొహంవంక చూసింది. ఎక్కడైనా నవ్వుందేమోనని వెతుకుతున్నట్టు, చాలాసేపు. అతనూ ఎలాగైనా వేరే మొహం పెట్టాలని చూశాడు. అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క మొహమే.

“అప్పుడూ ఇలాగే పెట్టి చెప్పావు కదరా” అంది ఆమె.

ఆ జోకు ఇప్పుడు జోకు కాకుండా పోయే అవకాశం బాగానే ఉంది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఇనప జాకీలు నిలబడ్డాయి. మేస్త్రి మనుషులు ఇద్దరికీ హెల్మెట్లు ఇచ్చారు. పిన్నికి పెద్దదైంది, కళ్ళమీదికి జారింది. బాబాయి హెల్మెట్ పట్టీ బిగించుకోకుండానే గుమ్మం దాటబోతుంటే ఆగండి నోరు తెరిచాడు. ఆ మాట బయటికి రాలేదు. దగ్గరికెళ్ళి, తనే పట్టీ బిగించాడు.

“ముందు ఏం తీయాలి” అంది పిన్ని.

“గాజు” అన్నాడు అతను. ఏ భవనమైనా విప్పేటప్పుడు మొదట తీసేది గాజే. మూడో పేజీ. తల తిప్పి చూస్తే దుకాణంలో గాజు తప్ప ఇంకేమీ లేదు. పలకలు, ఫ్రేములు, ఎవరెవరివో పెళ్ళిళ్ళు, ఎవరెవరి తాతలో. మేస్త్రి మనుషులు గోడల్ని పడగొట్టే చేతులతో వాటిని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి, పసిపిల్లల్ని మోసుకెళ్ళినట్టు వీధిలోకి మోసుకెళ్ళారు. ఒక్కటి కూడా పగల్లేదు.

చివరి నాలుగు నిమిషాలు మిగిలుండగా ముగ్గురూ వంటింట్లో నిలబడ్డారు. జాకీల మధ్య వంటిల్లు ఇరుకైపోయింది. పిన్ని స్టాండులోంచి పళ్ళేలు తీసి సంచిలో పెడుతోంది, అలవాటు కొద్దీ చప్పుడు కాకుండా. బాబాయి జేబులోంచి సన్నటి కత్తి తీసి నాలుగో నంబరు దగ్గరికి వెళ్ళాడు, ఊడదీద్దామని.

కత్తి ఇంకా తగల్లేదు. గాజు మీద, సంతకానికీ తేదీకీ మధ్యగా, ఒక గీత వచ్చింది. చప్పుడు చాలా చిన్నది. పెన్ను మూత పెట్టినంత.

బాబాయి రెండో చెయ్యి దానంతటది చొక్కాజేబులోకి వెళ్ళింది, గాజు కోసే కలం ఉండే చోటికి. అక్కడిదాకా వెళ్ళి ఆగింది.

పిన్ని చేతిలో పళ్ళెం అలాగే ఉంది. “ఈసారి నేను చప్పుడు చెయ్యలేదురా” అంది.

“తెలుసు పిన్నీ.”

బయట మేస్త్రి ఈల ఒకసారి ఊదాడు. టైము చూసుకోమని.

బాబాయి రెండు ముక్కలూ జాగ్రత్తగా ఊడదీశాడు. బల్లమీద పడున్న కాగితం చింపి, పొట్లం కట్టాడు. పెన్సిలు తీసి, ఒక క్షణం తటపటాయించి, ఆగండికి ఇచ్చాడు. నంబరు, తేదీ అతను వేశాడు.